బుద్ధి చెప్పడమా, పక్కన కూర్చోవడమా? – ఆదోని, ఎమ్మిగనూరు దళిత క్రైస్తవ సంఘాల్లో బైబిలు సలహా

గేరిలో ఎవరికైనా కష్టమొస్తే మొదట ఎవరి దగ్గరికి పోతారు? మానసిక వైద్యుని దగ్గరికి కాదు, వకీలు దగ్గరికీ కాదు. క్రైస్తవ ఇల్లయితే పాస్టరయ్య దగ్గరికి, సంఘ పెద్ద దగ్గరికి, లేదా నాలుగు వాక్యాలు నోటికొచ్చిన ఒక అక్క దగ్గరికి పోతారు. మొగుడు తాగొచ్చి కొట్టినా, కొడుకు పరీక్ష తప్పి మూలన కూర్చున్నా, పత్తికి తెచ్చిన అప్పు తలకు చుట్టుకున్నా మొదట వినే చెవి అదే. అక్కడ చెప్పే నాలుగు మాటల మీద ఒక ఇంటి బతుకు ఎటు తిరుగుతుందో ఆధారపడి ఉంటుంది.

దీన్ని బైబిలు కాలేజీల్లో 'కౌన్సెలింగ్' అంటున్నారు. మనవాళ్లు 'ప్రార్థన చేయించుకొని వస్తాం', 'అయ్యగారితో ఒక మాట అడిగొస్తాం' అంటారు. దళిత ఉద్యమాలు ఈ పనిని మతం లోపలి వ్యవహారమని పెద్దగా పట్టించుకోలేదు. చర్చిలు దీన్ని ఆత్మకు సంబంధించిందని కులానికి దూరంగా పెట్టాయి. ఇద్దరూ వదిలేసిన చోటనే మన ఆడవాళ్లు, కూలీలు, చదువుకునే పిల్లలు సలహా కోసం కూర్చొని ఉన్నారు. కాబట్టి ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చింది, ఏం చేస్తోంది, ఏం చేయగలదు అని పరిశీలించడం అవసరం.

రెండు మాటలు

కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఈ పనికి ముఖ్యంగా రెండు మాటలున్నాయి. ఒకటి 'నౌతెతెయో'. తెలుగు బైబిలు దీన్ని 'బుద్ధి చెప్పుట' అంది. రెండోది 'పరకలెయో', అంటే పక్కకు పిలవడం, పక్కన ఉండి ధైర్యం చెప్పడం. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకు వాడిన 'ఆదరణకర్త' ఈ రెండో మాటకు సంబంధించిందే.

గ్రీకులో మొదటి మాటకు ప్రేమతో హెచ్చరించడం అనే అర్థం ఉండొచ్చు. అయితే తెలుగు పల్లెలో 'బుద్ధి చెప్పడం' అంటే ఏమిటో మాలమాదిగలకు వేరే చెప్పనక్కర లేదు. కూలి పెంచమంటే బుద్ధి చెబుతారు. చెరువులో పశువుల్ని కడగొద్దన్నందుకు బుద్ధి చెబుతారు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని చంపింది కూడా ఆ ఊర్ల ఆధిపత్య కులాల దృష్టిలో 'బుద్ధి చెప్పడమే'. ఆ రెండు చోట్లా చచ్చిపోయినవాళ్లలో చాలామంది క్రైస్తవ కుటుంబాల వాళ్లే. అందుకని సంఘంలో కూడా సలహా 'బుద్ధి చెప్పడం'గానే మొదలైతే, వినేవాడి చెవికి అది దొర గొంతు లాగే వినిపిస్తుంది. భాషలోనే ఉన్న ఈ చిక్కును బైబిలు కాలేజీల పాఠాలు చూడవు.

ఈ పద్ధతి ఎక్కడిది

ఇప్పుడు 'బైబిలు ఆధారిత కౌన్సెలింగ్' పేరుతో తెలుగు సెమినార్లలో, తర్జుమా పుస్తకాల్లో వస్తున్న దానికి మూలం అమెరికాలో ఉంది. ప్రెస్బిటేరియన్ పాస్టరు జే ఆడమ్స్ 1970లో 'కాంపిటెంట్ టు కౌన్సెల్' అనే పుస్తకం రాశాడు. ఫ్రాయిడ్ బాటలో పోయిన మనస్తత్వ శాస్త్రం మనిషి బాధ్యతను తీసేసిందని, శరీర రోగం లేనప్పుడు చాలా మానసిక కష్టాల వేరు పాపంలోనే ఉందని ఆయన వాదన. గ్రీకు 'నౌతెతెయో' నుంచే తన పద్ధతికి 'నౌతెటిక్' అని పేరు పెట్టుకున్నాడు. అంటే సరిగ్గా బుద్ధి చెప్పడమే.

ఇందులో మెచ్చుకోదగ్గది ఒకటుంది. లేఖనం తెలిసిన మామూలు విశ్వాసి కూడా సాటి మనిషికి సలహా చెప్పగలడని ఆయన అన్నాడు. డిగ్రీ ఉన్నవాడి చేతిలోంచి పనిని తెచ్చి సంఘం చేతిలో పెట్టాడు. డాక్టరు ముఖం చూడని పల్లెకు ఇది చిన్న సంగతి కాదు. తర్వాతి తరంలో డేవిడ్ పౌలిసన్ వంటివాళ్లు మనిషి పాపం చేసేవాడే కాదు, ఇతరుల పాపానికి బాధపడేవాడు కూడా అని ఆ ఉద్యమం లోపలే సరిదిద్దే ప్రయత్నం చేశారు. అయినా మన దగ్గరికి వచ్చేసరికి మిగిలింది మాత్రం ఒక్క ప్రశ్న: 'నీలో ఏ పాపముంది?'

ఇంతకంటే ముందే అమెరికాలోనే ఇంకో దారి ఉంది. ఆంటన్ బోయ్సన్ అనే పాస్టరు 1920లో తానే మతి చలించి ఆసుపత్రి పాలయ్యాడు. బయటపడినాక 1925లో వూస్టర్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో వేదాంత విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టాడు. పుస్తకాన్ని ఎంత శ్రద్ధగా చదువుతామో బాధలో ఉన్న మనిషిని కూడా అంత శ్రద్ధగా చదవాలన్నది ఆయన నేర్పిన పాఠం. నష్టపోయినవాడు కనిపెట్టిన పద్ధతి కాబట్టి ఇది మనకు దగ్గరగా అనిపిస్తుంది.

అంబేద్కర్ అడిగిన ప్రశ్న

ఈ చర్చను అంబేద్కర్ ఆడమ్స్ కంటే ఎంతో ముందే చేశాడు. మతం మారిన అంటరానివాళ్ల స్థితి మీద ఆయన రాసిన వ్యాసాలు ఆయన చనిపోయాక, 1989లో, మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల 5వ సంపుటిలో అచ్చయ్యాయి. ఆయన వాదన సారం ఇది: హిందువుగా ఉన్నప్పుడు అంటరానివాడికి నీ దురవస్థకు కారణం నీ పూర్వజన్మ కర్మ అని చెప్పారు. క్రైస్తవుడైనాక ఆది తల్లిదండ్రుల పాపం అని చెప్పారు. రెండిట్లోనూ చుట్టూ ఉన్న సమాజం తప్పించుకుపోయింది. ఆ సమాజం మీద పోరాడే శక్తిని అతనికి ఎవరూ ఇవ్వలేదు.

కొందరు పాస్టర్లు దీన్ని మత వ్యతిరేకత అనుకుంటారు. నిజానికి ఇది సలహా చెప్పేవాడికి పెట్టిన పరీక్ష. నీ మాట విని లేచిపోయిన మనిషి ముందుకంటే ఎక్కువ వంగి పోతున్నాడా, కాస్త నిటారుగా పోతున్నాడా?

మొదట్లో సలహా ఎట్లుండేది

తెలుగు దేశంలో క్రైస్తవ మార్గం చూపించినవాళ్లు మొదటి నుంచీ దొరలే అనుకోవడం పొరపాటు. ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోదే. బళ్లారిలో లండన్ మిషనరీ సొసైటీ తరపున జాన్ హ్యాండ్స్ 1810లోనే దిగాడు. అయినా దశాబ్దాల పాటు దొరల మిషన్లకు పేదల గేరీల్లో దొరికిన మనుషులు తక్కువ. మార్పు ఎట్లా వచ్చిందో బాగా రాసిపెట్టి ఉన్నది మాత్రం తూర్పున, ఒంగోలు ప్రాంతం గురించి. అందుకే కాసేపు అక్కడికి పోవాల్సి ఉంది.

యర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రైస్తవుడు కాకముందు రాజయోగ గురువుల ఉపదేశం పొందినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల కోసం ఊరూరూ తిరిగేటప్పుడు చుట్టరికం ఉన్న ఇళ్లల్లో కూర్చొని రాత్రిళ్లు మాట్లాడేవాడు. మాదిగల చెప్పులు కుట్టే అరుగులే ఆయనకు బడి. జాన్ క్లౌ దొర పేరు చరిత్రలో పెద్దగా రాసుకున్నారు గాని, దారి వేసింది పేరయ్య లాంటి వాళ్ల కాళ్లు. క్లౌ భార్య ఎమ్మా 1899లో తెచ్చిన పుస్తకంలో ఈ కథలు దొరుకుతాయి. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

వాళ్లకు చెప్పిన సలహా ప్రధానంగా మూడు మాటలు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. పైకి ఇవి భక్తి నియమాలు. ఊరి లెక్కలో చూస్తే వేరే సంగతి. ఆదివారం పని చేయనంటే వెట్టి మనిషి మీద రైతుకున్న హక్కుకు గండి పడింది. చచ్చిన గొడ్డును ముట్టనంటే ఊరికీ గేరికీ ఉన్న పాత కట్టుబాటు తెగింది. మొక్కనంటే జాతరలో తప్పెట కొట్టేవాడు లేకుండా పోయాడు. అందుకే రెడ్లు, కరణాలు కక్షగట్టారు. బావులు మూశారు, దారులు కట్టేశారు, కొట్టారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ సలహా ఒక్కొక్కరికి చెవిలో చెప్పింది కాదు, గేరి అంతటికీ చెప్పింది. గేరి అంతా కలిసి పాటించింది కాబట్టే దానికి బలమొచ్చింది. రెండు, ఆ సలహాలోనూ లోపముంది. ఆకలికి తిన్న తిండిని అపవిత్రం అన్నప్పుడు అగ్రకులం వేసిన మచ్చనే దొర కూడా ఇంకో భాషలో వేశాడు. విడుదల, అవమానం ఒకే వాక్యంలో రావడం మన చరిత్రలో కొత్త కాదు.

ఆ తర్వాత ఇళ్లల్లోకి పోయి ఆడవాళ్లకు అక్షరాలు, వాక్యం నేర్పిన 'బైబిలు స్త్రీలు' వచ్చారు. ఇంటి కష్టం వినే పని ఎక్కువగా వాళ్లదే. జీతం తక్కువ, పేరు అసలే లేదు. ఈరోజు సంఘాల్లో స్త్రీల కూడికలు నడిపే అక్కలు వాళ్ల వారసులు.

ఈ సీమ కష్టాలు

ఇక పడమటి కర్నూలుకు వద్దాం. ఏ సలహా అయినా నేల మీద నిలబడి చెప్పాలి. ఈ నేల మీద కనీసం నాలుగు కష్టాలు తలుపు తడతాయి.

మొదటిది మొక్కు. కౌతాళం మండలం ఉరుకుందలో ఈరన్న స్వామి ఉన్నాడు. శ్రావణ మాసంలో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల నుంచి జనం వరదలా వస్తారు. ఈ చుట్టుపక్కల ఉరుకుందు, ఉరుకుందమ్మ, ఈరన్న, ఈరమ్మ అనే పేర్లు లేని గేరి లేదు. బాప్తిస్మం తీసుకొని కొత్త పేరు పెట్టుకున్నా ఓటరు కార్డులో ఉరుకుందే ఉంటాడు. బిడ్డకు జ్వరం తగ్గకపోతే ముసలమ్మ మొక్కుకుంటుంది. కోడలు సంఘానికి పోతుంది. ఇంట్లో గొడవ. 'ఇది దయ్యాల పని, ఒప్పుకో' అని కోడలి మీదో అత్త మీదో విరుచుకుపడితే అది సలహా కాదు. పి.వై. లూక్, జాన్ కార్మన్ తెలంగాణ పల్లె క్రైస్తవుల మీద 1968లో అచ్చేసిన అధ్యయనంలో కూడా జబ్బు వచ్చినప్పుడు క్రైస్తవులు ఊరి దేవతల వైపు చూడటం కనిపిస్తుంది. దాన్ని విశ్వాసం తక్కువై చేసే పని అనే ముందు, ఆ ఊళ్లో డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడో అడగాలి. మొక్కు వెనుక ఉన్నది బిడ్డ బతకాలన్న ఆశ. ఆ ఆశను గౌరవించి మాట్లాడితేనే తర్వాతి మాట వింటారు.

రెండోది సుగ్గి. వాన లేక, పని లేక ఇంటికి తాళమేసి గుంటూరు మిరప చేలకో, తెలంగాణ పత్తి చేలకో, బెంగళూరు కట్టడం పనులకో పోవడం ఇక్కడ ఏటా జరిగే తంతు. పిల్లల బడి ఆగుతుంది. ముసలివాళ్లు ఒంటరిగా మిగులుతారు. ఆదివారం సంఘంలో చాపలు ఖాళీగా ఉంటాయి. 'కూడికలు మానొద్దు' అని హెచ్చరించే ప్రసంగం సుగ్గికి పోయినవాడికి ఏం చేస్తుంది? మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎంత, తిరిగి వచ్చేటప్పుడు చేతికి ఎంత వచ్చింది, పిల్లవాడిని హాస్టల్లో వేయొచ్చా అని అడిగే పాస్టరు వాక్యాన్ని తక్కువ చేయడు. వాక్యానికి కాళ్లిస్తాడు.

మూడోది బసివి ఆచారం. మగబిడ్డ లేని ఇంట్లో కూతురిని దేవుడికి విడిచి, పెళ్లి లేకుండా పుట్టింట్లోనే ఉంచే ఈ ఆచారం పాత బళ్లారి జిల్లాలో వేళ్లూనిందని బ్రిటిష్ కాలపు రాతలు చెబుతాయి. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది. బలైన ఆడవాళ్లు ఎక్కువగా మాదిగలు, ఇతర పేద కులాలవాళ్లు. అట్లాంటి స్త్రీ సంఘానికి వస్తే ఆమెను 'పశ్చాత్తాపపడు' అంటారు. ఆమెను విడిచినవాళ్లు, వాడుకున్న ఊరి పెద్దలు ఎవరూ పశ్చాత్తాపపడనక్కర లేదా? పాపం ఎవరిదో తేల్చకుండా క్షమాపణ ఎవరికి ఇస్తున్నట్టు?

నాలుగోది సర్టిఫికెట్టు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు మాత్రమే ఇచ్చింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారిన దళితులు మన రాష్ట్రంలో బి.సి.–సి కింద 1 శాతానికి పరిమితమయ్యారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతానికీ ఈ హోదాకూ ఉన్న ముడిని తెంచమని చెప్పింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవం ఆచరిస్తున్న పాస్టరు ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద పెట్టిన కేసు నిలవదని కొట్టేసింది. ఇట్లా చట్టం ఒకవైపు, బతుకు ఒకవైపు లాగుతున్నప్పుడు తల్లి వచ్చి 'బడిలో పిల్లోని మతం ఏమని రాయించాల అయ్యా?' అని అడుగుతుంది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది నేనే మొదలు, కాబట్టి ఈ ప్రశ్న బరువు నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. 'అబద్ధమాడితే నరకం' అనేది సలహా కాదు. 'ఏదో ఒకటి రాయించు' అనడమూ కాదు. ఏది రాస్తే చట్టంలో ఏమవుతుందో విడమరచి చెప్పి, ఈ ఇరకాటం పెట్టింది ఆమె విశ్వాసం కాదు, ఒక అన్యాయమైన ఉత్తర్వు అని ఆమెకు తెలియజేయాలి. నిర్ణయం ఆమెకు వదలాలి.

లేఖనంలోనే ఉన్న దారి

ఇదంతా బైబిలు బయటి నుంచి తెచ్చి అతికిస్తున్నారని కొందరంటారు. బైబిలునే చూద్దాం.

యోబు స్నేహితులు మొదట ఏడు రోజులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. అదే వాళ్లు చేసిన మంచి పని. నోరు తెరిచినాక, ఏదో పాపం చేసి ఉంటావు అని మొదలుపెట్టారు. గ్రంథం చివర దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. బాధపడేవాడిలో పాపం వెతికే సలహాదారులందరికీ ఈ ఒక్క గ్రంథం చాలు.

ఏలీయా చావు కోరుకొని చెట్టు కింద పడుకుంటే దూత ఉపదేశం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టింది. నిద్రపోనిచ్చింది. మళ్లీ తిండి పెట్టింది. మాటలు తర్వాత. సుగ్గి నుంచి వచ్చినవాడికి ముందు సంగటి పెట్టమని దీనర్థం.

దాసి హాగరు ఎడారిలో ఉన్నప్పుడు ఎక్కణ్ణుంచి వస్తున్నావు, ఎక్కడికి పోతున్నావు అన్నది ఆమెకు ఎదురైన మొదటి ప్రశ్న. ఆ దూతే యజమానురాలి దగ్గరికి తిరిగి పొమ్మని కూడా చెప్పాడు. ఆ మాటను ఇవాళ దెబ్బలు తినే ఆడమనిషి మీద ప్రయోగించడం పాపం. కానీ అడగడంతో మొదలుపెట్టడం, తనను చూసే దేవుడని ఆమె దేవునికే పేరు పెట్టడం మనం నేర్చుకోవాల్సినవి.

ఇక బుద్ధి చెప్పడం ఎవరికి? నాతాను పోయి రాజైన దావీదుకు చెప్పాడు. ఏలీయా పోయి, నాబోతు తోట గుంజుకున్న అహాబుకు చెప్పాడు. లేఖనంలో గట్టిగా బుద్ధి చెప్పిన గొప్ప సందర్భాల్లో వేలు భూమి, అధికారం ఉన్నవాడి వైపే చూపించింది. మన దగ్గర ఆ వేలు కిందికి తిరిగింది. దాన్ని మళ్లీ పైకి తిప్పాలి.

ఏం చేయొచ్చు

సంఘాల్లో ఈ పని చేసే పాస్టర్లు, అక్కలు, చదువుకున్న పిల్లలు కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవచ్చు.

ముందు వినాలి. మొదటిసారి వచ్చినవాళ్లకు వాక్యం చూపించే ముందు కూలి ఎంత, అప్పు ఎంత, నిద్ర పడుతోందా, ఎవరైనా కొడుతున్నారా అని అడగాలి.

విన్నది ప్రసంగ పీఠం మీదికి ఎక్కించకూడదు. ఇరుకు గేరిలో ఒకరి కష్టం 'సాక్ష్యం' పేరుతో మైకులో వచ్చిందంటే ఆ మనిషి మళ్లీ నోరు విప్పదు. ఐతే పసిపిల్లల మీద లైంగిక అత్యాచారం సంగతి దాచడానికి లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి.

ప్రార్థననూ మందునూ విడదీయకూడదు. చనిపోతానన్న మనిషిని ఉపవాస కూడికకు మాత్రమే పంపడం నేరంతో సమానం. ఆసుపత్రికి తోడుగా పోవాలి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులో మాట్లాడొచ్చు.

కొట్టే మొగుడి దగ్గరికి 'సర్దుకోమ్మా' అని పంపకూడదు. 2005 గృహహింస చట్టం ఉంది. ఆడవాళ్ల కష్టం ఆడవాళ్లే వినే ఏర్పాటు ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, పదిమందికీ ఉన్న కష్టాన్ని పది విడి విడి పాపాలుగా చూడకూడదు. తాగుడు సంగతే చూడండి. మొగుడి పాపం అని ఒక్కొక్క ఇంట్లో ఏడ్చినంత కాలం ఏమీ కాలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు ఒకరి కష్టం ఒకరికి చెప్పుకున్నాక అది సారా వ్యతిరేక ఉద్యమమైంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారన్నది నిజమే. అయినా ఇంటి ఏడుపు ఊరి ప్రశ్న ఎట్లా అవుతుందో ఆ కూడిక చూపించింది. స్త్రీల సమాజం అట్లాంటి కూడిక ఎందుకు కాకూడదు?

దళిత క్రైస్తవులకు విశ్వాసం అరువు సరుకు కాదు. పేరయ్య కాలం నుంచి మన కాళ్ల మీద మనం మోసుకొచ్చింది. ఆ విశ్వాసంలో మనకు కావాల్సిన సలహాదారు తలమీద చేయి పెట్టి తల వంచేవాడు కాదు. కింద చాప మీద కూర్చొని, విని, లేచి, మనతోపాటు మండలాఫీసు దాకా వచ్చేవాడు. 'ఆదరణకర్త' అనే మాటకు అసలు అర్థం పక్కకు వచ్చి నిలబడేవాడనే కదా. సంఘాలు ఆ అర్థాన్ని పట్టుకుంటే ఉద్యమానికీ ప్రార్థనకూ మధ్య గోడ అవసరముండదు. ఉద్యమకారులు కూడా ఆ చాప మీద కూర్చోవడం నేర్చుకోవాలి. మన జనం తమ కష్టం విప్పి చెప్పుకునే చోటు ఇప్పటికీ ఎక్కువగా అదే.